రెండు నిమిషాల మాటకు రెండ్రోజుల ప్రయాణం

కీమో ఎక్కించాలంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. రేడియేషన్‌కూ అంతే. మరి, 'రిపోర్టు బాగానే ఉంది, మూణ్నెల్ల తర్వాత రండి' అన్న ఒక్క మాట కోసం..? ఆ మాట ఇప్పుడు ఫోన్లోనే వినొచ్చు. అయితే క్యాన్సర్ వైద్యంలో ఫోను ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ప్రతి కుటుంబమూ తెలుసుకోవాల్సిన సంగతి.

రాత్రి ఆదిలాబాద్‌లో బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. దాదాపు మూడొందల కిలోమీటర్లు. బస్టాండులోనే మొహం కడుక్కుని, ఓ టీ తాగి, ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి. చంకలో ప్లాస్టిక్ సంచీ. అందులో స్కాన్ ఫిల్ములు, పాత చీటీలు, రక్తపరీక్ష కాగితాలు, ఓ తువ్వాలు, ఇంటి దగ్గర కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు. ఓపీ చీటీకో లైను. ఫైలు తీయించడానికి ఇంకో లైను. డాక్టరుగారి గది ముందు మరో లైను. ఎప్పుడో మధ్యాహ్నానికి పిలుపొస్తుంది. డాక్టరుగారు ఫైలు తిరగేస్తారు. రిపోర్టు చూస్తారు.

'బాగానే ఉందమ్మా. ఇవే మాత్రలు వాడు. మూణ్నెల్ల తర్వాత కనబడు.'

అంతే! రెండంటే రెండు నిమిషాలు. మళ్లీ ఆటో, మళ్లీ బస్టాండు, మళ్లీ రాత్రి బస్సు.

మాట మంచిదే. ఆ మాట వినడానికి ఎంత దూరమైనా వెళ్తారు. కానీ లెక్క వేసి చూస్తే... రోగికి ఒకరు తోడుండాలి. అంటే ఇద్దరికి రెండ్రోజుల కూలి పోయినట్టే. టికెట్లు, ఆటోలు, తిండి అదనం. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉంది, కీమోకూ ఉంది. బస్టాండులో కొన్న ఇడ్లీకి ఎవరిస్తారు? కీమో మధ్యలో ఉన్నవాళ్లయితే మరీ కష్టం. ఒంట్లో తెల్లకణాలు పడిపోయి ఉంటాయి. ఎవరో ఒకరు దగ్గుతూనే ఉండే బస్సులో రాత్రంతా కూర్చోవాలి.

ఆ రెండు నిమిషాల మాటేదో ఫోన్లో చెప్పకూడదా? ఈ సందేహం డాక్టర్లకూ వచ్చింది. ఇప్పుడు కాదు, పాతికేళ్ల కిందటే!

అరగొండలో మొదలు

2000 మార్చి 24. చిత్తూరు జిల్లా అరగొండ. అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి.రెడ్డి సొంతూరు అది. అక్కడి చిన్న ఆసుపత్రిని ఉపగ్రహం సాయంతో పట్నంలోని పెద్ద డాక్టర్లతో కలిపారు. ఆరోజు హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ చేతుల మీదుగా దాన్ని ప్రారంభించారు. పల్లెలో పడుకున్న రోగిని పట్నంలో కూర్చున్న డాక్టరు చూడటం అప్పట్లో వింతే. మరుసటి ఏడాది ఇస్రో తానే ఓ టెలీమెడిసిన్ పథకం మొదలుపెట్టి, మారుమూల ఆసుపత్రులను పెద్దాసుపత్రులతో కలపడం మొదలెట్టింది.

క్యాన్సర్ విషయంలో ముందడుగు వేసింది మాత్రం కేరళ. తిరువనంతపురంలోని రీజినల్ క్యాన్సర్ సెంటర్‌కు రాష్ట్రం నలుమూలల నుంచీ రోగులు వచ్చేవారు. వైద్యం అయిపోయాక కూడా చెకప్పుల కోసం ఏళ్ల తరబడి రావాల్సిందే. సీ-డాక్ ఇంజినీర్లతో కలిసి ఆ సంస్థ 'ఆంకోనెట్' అనే ఏర్పాటు చేసుకుంది. జిల్లాల్లోని చిన్న కేంద్రాలకు రోగి వస్తే చాలు. ఫైలు, స్కాను తిరువనంతపురంలో తెరమీద కనిపిస్తాయి. అవసరమైతేనే రమ్మంటారు.

ఆలోచన బాగుంది. కానీ దేశమంతా పాకలేదు. ఖరీదైన పరికరాలు కావాలి, ప్రత్యేకంగా ఓ గది కావాలి, వాటిని నడిపే మనిషి కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఫోన్లో వైద్యం చేస్తే రేపేదైనా తేడా వస్తే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు చట్టంలో సూటైన జవాబు లేదు. అందుకని చాలామంది డాక్టర్లు 'ఎందుకొచ్చిన గొడవ, వచ్చి కనబడమందాం' అనుకున్నారు. వాళ్లనీ తప్పుపట్టలేం.

సగానికి సగం రాలేదు!

2020 మార్చి 25. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు. సరిగ్గా ఆరోజే కేంద్రం టెలీమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. రిజిస్టరైన ఏ డాక్టరైనా ఫోన్లో, వీడియోలో, చివరికి రాతపూర్వక సందేశాల ద్వారా కూడా రోగిని చూడొచ్చు, మందులు రాయొచ్చు. తన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చెప్పాలి. సంతకం చేసిన మందుల చీటీ పంపాలి. నేరుగా చూడాల్సిందే అనిపిస్తే ఆ మాట చెప్పి పిలిపించాలి. ఇరవై ఏళ్లుగా నానుతున్న ప్రశ్నకు ఒక్కరోజులో జవాబు దొరికింది.

అప్పటికి బస్సుల్లేవు, రైళ్లు లేవు. ఆ రోజుల్లో క్యాన్సర్ రోగుల పరిస్థితి ఏమిటో తర్వాత లెక్కలు తీశారు. దేశంలోని పలు క్యాన్సర్ ఆసుపత్రులను కలుపుతూ 2012లో ఏర్పాటైన 'నేషనల్ క్యాన్సర్ గ్రిడ్' తరఫున 41 ఆసుపత్రుల వివరాలు సేకరించారు. 2020 మార్చి నుంచి మే దాకా, అంతకుముందు ఏడాది అవే నెలలతో పోల్చి చూశారు. కొత్తగా నమోదైన రోగులు 54 శాతం తగ్గిపోయారు. చెకప్పులకు వచ్చినవాళ్లు 46 శాతం తగ్గారు. పెద్ద ఆపరేషన్లు సగానికి పడిపోయాయి.

ఈ అంకెల్లో రెండు వేర్వేరు కథలున్నాయి. చెకప్పులకు రాలేనివాళ్లను ఫోను కొంత ఆదుకుంది. ఎలా ఉన్నారో కనుక్కుంది, మాత్రలు కొనసాగించింది, దగ్గర్లో రక్తపరీక్ష చేయించి రిపోర్టు పంపమంది. కానీ కొత్తగా గడ్డ కనబడినవాళ్లు..? వాళ్లకు ఫోన్ చేయడానికి డాక్టరే లేడు. తమకున్నది క్యాన్సరని వాళ్లకే తెలియదు. ఫోను ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు అన్న తేడా అక్కడే తేలిపోయింది.

ఏ రాకపోకలు తప్పించుకోవచ్చు?

క్యాన్సర్ వైద్యంలో ఆసుపత్రికి వెళ్లే కారణాలన్నీ ఒకలాంటివి కావు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయిపోయాక చాలామందికి టామోక్సిఫెన్ లాంటి మాత్రలు ఐదేళ్లు, కొందరికి పదేళ్లు వాడమంటారు. ఒకరకం రక్తక్యాన్సర్... సీఎంఎల్ అంటారు... ఉన్నవాళ్లు రోజూ ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటూ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వీళ్లకు మధ్యమధ్యలో కావాల్సింది రక్తపరీక్ష, ఆ రిపోర్టు చూసే డాక్టరు. రక్తం ఊళ్లోనో పక్క పట్నంలోనో ఇవ్వొచ్చు. రిపోర్టు ఫోన్లో పంపొచ్చు.

కీమోకు ముందు చేసే పరీక్ష ఇంకో ఉదాహరణ. రేపు కీమో అనగా రక్తపరీక్ష చేస్తారు. కణాలు తక్కువగా ఉంటే 'వారం ఆగి రండి' అంటారు. ఆ ముక్క బయల్దేరక ముందే తెలిస్తే ఒక ప్రయాణం తప్పుతుంది. తిండి సయించకపోవడం, నోట్లో పుళ్లు, నిద్రలేమి, కుట్ల దగ్గర ఎరుపు, మనసులో దిగులు... వీటి గురించీ ఫోన్లో మాట్లాడుకోవచ్చు.

రెండో అభిప్రాయం సంగతీ అంతే. ముంబయిలోని టాటా మెమోరియల్ నిపుణులు ఏమంటారో తెలుసుకోవాలని ఒకప్పుడు రైలెక్కి వెళ్లి పరేల్ ఫుట్‌పాత్‌ల మీద పడిగాపులు పడేవాళ్లు. ఇప్పుడు క్యాన్సర్ గ్రిడ్‌తో కలిసి 'నవ్య' అనే సంస్థ ఆ అభిప్రాయాన్ని ఆన్‌లైన్లో తెప్పిస్తోంది. కాగితాలు, స్కాన్లు పంపితే చాలు. కానీ ఒక్కోసారి బయాప్సీ ముక్కను మళ్లీ పరీక్షించాల్సి వస్తుంది. అప్పుడు గాజు పలకలు, మైనపు దిమ్మ కొరియర్లో వెళ్లాల్సిందే. అందుకే బయాప్సీ చేయించుకున్నచోట వాటిని అడిగి తీసుకుని, ఇంట్లో జాగ్రత్త చేసుకోవడం మంచిది. ఎండ తగిలే కిటికీలో మాత్రం పెట్టకూడదు.

శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్ట నిప్పును నోట్లోకి పెట్టుకుని 'అడ్డపొగ' తాగే ఆడవాళ్లు ఈనాటికీ ఉన్నారు. దానివల్ల అంగిట్లో మచ్చలు, పుళ్లు వస్తాయి. కొన్ని క్యాన్సరవుతాయి. నోరు తెరిపించి టార్చి వేసి ఫోన్‌తో ఫొటో తీసి దంతవైద్యుడికి పంపడం ఆశా కార్యకర్తకు పెద్ద పనికాదు. బెంగళూరు వైద్యులు ఇలా పల్లెల్లో నోటి పరీక్షలు చేయించారు కూడా. ఫొటోలో అనుమానం వస్తే మాత్రం విశాఖ దాకా రావాలి. ముక్క తీయకుండా క్యాన్సరని తేల్చే ఫోను ఇంకా పుట్టలేదు.

ఐదు నెలల ఆయుష్షు

ప్రయాణం తప్పించడం ఒక్కటే ఫోను ప్రయోజనమనుకుంటే పొరపాటు. అసలు సంగతి వేరే ఉంది.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ ఆసుపత్రిలో డాక్టర్ ఈథన్ బాష్ బృందం ఓ పరీక్ష చేసింది. ముదిరిన క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న 766 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు మామూలు వైద్యంతోపాటు ఓ చిన్న పని... నొప్పి, వాంతులు, ఆయాసం, నీరసం లాంటి 12 బాధల్లో ఏది ఎంత ఉందో కంప్యూటర్లో గుర్తుపెట్టడం. బాధ ఎక్కువైతే వెంటనే నర్సుకు మెయిల్ వెళ్తుంది. ఆమె ఫోన్ చేస్తుంది. అవసరమైతే మందు మారుస్తారు, లేదంటే రమ్మంటారు. అంతకుమించి ఏమీ లేదు.

ఫలితం 2017లో బయటపెట్టారు. మామూలు వైద్యం జట్టులో మధ్యస్థ ఆయుష్షు 26 నెలలు. బాధలు చెప్పుకున్న జట్టులో 31.2 నెలలు. ఐదు నెలల తేడా! ముదిరిన క్యాన్సర్‌లో ఏ కొత్త మందైనా ఐదు నెలలు పెంచితే కంపెనీలు పండగ చేసుకుంటాయి. ఇక్కడ పనిచేసింది మందు కాదు, నర్సు. చెకప్పు రోజుదాకా ఓర్చుకోకుండా బాధ పుట్టినప్పుడే చెప్పుకోగలగడం.

మన దగ్గర 'ఎలా ఉందమ్మా?' అని డాక్టరు అడిగితే 'పర్లేదండీ' అంటారు. ఇంటికొచ్చాక 'మూడ్రోజులుగా ముద్ద దిగట్లేదు' అంటారు. పెద్దాయన విసుక్కుంటారేమోనని భయం, వెనకాల లైనుందని మొహమాటం. ఇలాంటిచోట అవతల ఓ నర్సు వారానికోసారి తనంతట తానే ఫోన్ చేసి పేరుపేరునా ఒక్కో బాధ గురించి అడిగితే... ఖరీదైన స్కానర్ కంటే ఎక్కువ మేలు. మన ఆసుపత్రుల్లో అలాంటి నర్సులను పెట్టేవాళ్లే తక్కువ.

చెయ్యి వేసి చూడాల్సినవి

అన్నీ ఫోన్లో కుదిరితే ఇంకేం కావాలి! మెడ దగ్గర గడ్డ గట్టిగా ఉందా, కదులుతోందా అన్నది వేలికి తెలుస్తుంది, తెరకు తెలియదు. కాలేయం పెరిగిందా, కాలువాపు ఎందుకొచ్చింది... ఇవీ అంతే. అందుకే మొదటిసారి చూపించుకోవడం నేరుగానే జరగాలి. కొత్తగా గడ్డ కనబడ్డా, రక్తం పడినా వీడియోకాల్‌తో సరిపెట్టుకోకూడదు.

అన్నిటికంటే ప్రమాదకరమైంది జ్వరం. కీమో ఎక్కించిన తర్వాత వారం నుంచి రెండు వారాల మధ్య చాలామందికి తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ సమయంలో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వచ్చిందంటే అది మామూలు జ్వరం కాదు. గంటల్లో ప్రాణం మీదికి రావొచ్చు. రక్తనాళం ద్వారా యాంటీబయాటిక్ పడాలి. 'పొద్దున్నే డాక్టరుగారికి వీడియోకాల్ చేద్దాంలే' అనుకోవడం, జ్వరం మాత్ర వేసి పడుకోబెట్టడం... రెండూ తప్పే. ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆ వెంటనే బయల్దేరాలి. దూరమైతే ముందు దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి, కీమోలో ఉన్నారని మొదటి మాటగా చెప్పాలి. ఆయాసం, ఆగని వాంతులు, నడుంనొప్పితోపాటు కాళ్లలో పట్టు తప్పడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఇంట్లో ఓ థర్మామీటరు, బరువు చూసుకునే మిషను, అన్ని కాగితాలూ వరుసగా పెట్టిన ఓ ఫైలు ఉంటే ఫోన్లో చూపించుకోవడం తేలికవుతుంది. రిపోర్టును ట్యూబులైటు కింద పెట్టి ఫొటో తీస్తే మెరుపే కనబడుతుంది, అంకెలు కనబడవు. పగటి వెలుగులో, ఒక్కో పేజీ విడిగా తీయాలి. వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఎదురుగా పెట్టుకోవాలి, పక్కింటివాళ్లిచ్చిన పసరు మందుతో సహా!

ఫోను ఎవరి చేతిలో ఉంది?

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కాదు.

అమ్మకు జబ్బు. స్మార్ట్‌ఫోను కొడుకు దగ్గరుంటుంది. వీడియోకాల్ కలిపేదీ మాట్లాడేదీ అతనే. అమ్మ వెనకాల మంచంమీద కూర్చుని ఉంటుంది. ఒక్కోసారి తెరమీదికి కూడా రాదు. 'అమ్మకు తెలియదు సార్, క్యాన్సరని చెప్పలేదు' అని ముందే మెసేజీ వెళ్లిపోతుంది. ఆసుపత్రిలో అయితే డాక్టరుకు ఓ వెసులుబాటుంది. 'బాబూ, నువ్వెళ్లి ఈ మందులు పట్రా' అని కొడుకును బయటికి పంపి, ఆమె చెయ్యి పట్టుకుని 'ఏమైనా అడగాలా అమ్మా?' అనొచ్చు. చాలామంది తల్లులు అప్పుడు అడుగుతారు. వాళ్లకు ఎప్పుడో తెలిసే ఉంటుంది. కొడుకు బాధపడతాడని తెలియనట్టు ఉంటారు. ఫోన్లో కొడుకును బయటికి పంపేదెలా? ఫోను అతని చేతిలోనే ఉందాయె!

మార్గదర్శకాల్లో దీనికీ ఓ నిబంధనుంది. రోగి పెద్దవాళ్లై, తెలివిలో ఉన్నప్పుడు ఆమె లేకుండా బంధువు ఒక్కరే డాక్టరుతో మాట్లాడాలంటే, అందుకు రోగి అనుమతో, బంధుత్వానికి తగిన రుజువో ఉండాలి. కాగితం మీద బాగానే ఉంది. మన ఇళ్లలో ఆ అనుమతి అడిగేవాళ్లెవరు?

విచిత్రమేమిటంటే, అమెరికాలో దీనికి తలకిందులుగా జరిగింది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 1250 మందిని 22 ఆసుపత్రుల్లో పరిశీలించి, ఆ ఫలితాలు 2024లో ప్రకటించారు. నొప్పి, ఆయాసం, దిగులు తగ్గించే పాలియేటివ్ వైద్యాన్ని కొందరికి నేరుగా, కొందరికి వీడియోలో అందించారు. రోగి జీవితం రెండు పద్ధతుల్లోనూ దాదాపు సమానంగానే ఉంది. అంటే వీడియో తక్కువేమీ కాదని తేలింది. కాకపోతే వీడియో అయ్యేసరికి పక్కన కూర్చునే ఇంట్లోవాళ్లు తగ్గిపోయారు. అక్కడ రోగి ఒంటరిగా మాట్లాడుతున్నాడు. ఇక్కడ రోగికి మాట్లాడే వంతే రావట్లేదు.

కొందరు డాక్టర్లు దీనికో చిట్కా కనిపెట్టారు. కాల్ మొదలవగానే 'ముందు అమ్మను చూపించు బాబూ' అంటారు. ఆమెతో నాలుగు మాటలు మాట్లాడాకే రిపోర్టు సంగతి. చెడ్డవార్త ఉంటే మాత్రం ఫోన్లో చెప్పరు. 'ఇద్దరూ కలిసి ఒకసారి రండి' అంటారు. ఆ ఒక్క ప్రయాణం తప్పించకపోవడమే మర్యాద.

నొప్పి మాత్ర దగ్గర...

క్యాన్సర్ ముదిరాక వచ్చే నొప్పికి మార్ఫిన్‌ను మించిన మందు లేదు. ఖరీదు కాదు. నల్లమందు నుంచి తీస్తారు. ఆ నల్లమందు గసగసాల పంటను మన దేశంలోనే, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో పండిస్తున్నారు. అయినా మన రోగులకు అందేది కొద్దిగానే. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల తిప్పలు పడలేక చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి కొంత సడలించారు.

2020 మార్గదర్శకాల దగ్గరికొస్తే... మాదకద్రవ్యాల చట్టం కిందికొచ్చే మందులేవీ ఫోన్లో రాయకూడదు. అంటే మార్ఫిన్ కుదరదు. కారణం లేకపోలేదు. ఒక్కసారి ఫోన్లో రాయొచ్చంటే దొంగచీటీలతో అది ఎక్కడికి పోతుందో తెలియదు. అమెరికాలో నొప్పి మాత్రలు ఎన్ని కుటుంబాలను కూల్చాయో చూశాం. కానీ ఫలితం చూడండి. నడవగలిగి, మాత్రలతో బాగున్న మనిషి ఇంట్లో కూర్చుని ఫోన్లో డాక్టరుతో మాట్లాడొచ్చు. పక్కమీద నుంచి లేవలేక నొప్పితో మెలికలు తిరిగే మనిషికి మాత్రం ఫోన్లో మందు రాదు. ఎవరో ఒకరు ఫైలు పట్టుకుని బస్సెక్కాల్సిందే.

దీనికి కేరళ ఎప్పుడో ఓ దారి కనిపెట్టింది. రోగిని ఆసుపత్రికి తెచ్చే బదులు నర్సును ఇంటికి పంపడం. కోజికోడ్, మలప్పురం ప్రాంతాల్లో ఊరివాళ్లే చందాలు వేసుకుని, వలంటీర్లుగా మారి ఈ పని మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగం నడుపుతోంది. తెలంగాణ ప్రభుత్వం 'ఆలన' పేరుతో జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు పెట్టి, నర్సులను వ్యాన్‌లో ఇళ్లకు పంపే ఏర్పాటు చేసింది. ఈ పద్ధతిలో ఫోనుకు అసలైన పని దొరుకుతుంది. అక్కడ ఫోను పట్టుకునేది కొడుకు కాదు, నర్సు. పుండు ఎలా ఉందో దగ్గరగా చూపిస్తుంది. పొట్ట నొక్కి చూసి గట్టిగా ఉందో మెత్తగా ఉందో చెబుతుంది. అవతల డాక్టరు అడిగినవన్నీ ఆమె చేతులే చూసిపెడతాయి. 'ఎక్కడమ్మా నొప్పి?' అని ఆయన తెరలోంచి అడిగితే, ముసలమ్మ తెరకేసి కాకుండా నర్సుకేసి చూసి చెబుతుంది.

అంతకుముందే డాక్టరు నేరుగా చూసి రాసిన చీటీ ఫైల్లో ఉంటుంది. మలబద్ధకం రాకుండా తోడుగా వాడాల్సిన మందు గురించి నర్సు ఇంకోసారి గుర్తుచేస్తుంది. మిగిలిన మాత్రలు లెక్కపెడుతుంది. రిజిస్టరు తీసి సంతకం పెట్టమంటుంది. సంతకం రాదంటే, ఇంకు డబ్బా తీసి వేలిముద్ర వేయిస్తుంది. వ్యాను పక్క ఊరికి బయల్దేరుతుంది. ఈసారికి ఆ ఇంట్లో ఎవరూ బస్సెక్కాల్సిన పనిలేదు.